చీడ, పీడ, తెగులు, పురుగు: వరి కరపత్రంలో ఏ మాట ఎక్కడ రాయాలి?

మహేంద్రతనయ_గట్టు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్, పర్లాకిమిడి వైపు పొలంలో మాట్లాడేది తెలుగు, చేతికొచ్చే కాగితం ఒడియా. వరి సస్యరక్షణ మీద ఒడియాలో ఉన్న ఒక కరపత్రాన్ని తెలుగులో రాస్తున్నాం. శీర్షిక దగ్గరే ఆగిపోయాం. అందులో "ధానర రోగపోక" (వరి రోగాలు, పురుగులు) అని ఉంది. "వరిలో చీడపీడలు" అని రాస్తే చాలని కొందరు, "తెగుళ్లు" అంటే అన్నీ వచ్చేస్తాయని కొందరు. మా పెద్దవాళ్లు దోమ పట్టినా, మచ్చలు వచ్చినా "తెగులు తగిలింది" అనే అంటారు. దుకాణంలో అయితే అన్నిటికీ ఒకటే మాట, పురుగుమందు.

తెలిసినవారు చెప్పండి:

1. చీడ, పీడ, తెగులు, పురుగు వీటి అసలు అర్థాలేమిటి, ఎక్కడి మాటలు?
2. ఇంకో ఇంగ్లీషు కాగితంలో ఎలుకల గురించీ, అడవిపందుల గురించీ "వెర్మిన్" అని ఉంది. దానికి తెలుగు ఏమిటి? ఆ మాట ఎలా పుట్టింది?
3. రైతు చదివి పొరపాటు పడకుండా ఉండాలంటే ఏ మాటలు వాడాలి?

---

నిఘంటువు_మూల (విజయనగరం)

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావాటికి దారి అదే చూపిస్తుంది.

వెర్మిన్ లాటిన్ "వెర్మిస్" నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. వెర్మిస్ అంటే పురుగు, ముఖ్యంగా మెత్తగా పాకే పురుగు. ఇంగ్లీషు "వర్మ్" దీనికి చుట్టమే. అలా పాకే పురుగుకున్న పేరు క్రమంగా పేను, నల్లి, ఎలుకలకూ, పంటను, కోళ్లను పాడుచేసే జంతువులకూ పాకింది. అమెరికా పల్లెల్లో "వార్మింట్" అనేది కూడా ఈ మాటే, పలుకుబడి మారింది. మీ రైతులకు ఈ ధాతువు ముందే పరిచయం: వర్మీ కంపోస్టులో ఉన్న "వర్మీ" అదే. అక్కడ వానపాము నేస్తం, ఇక్కడ ఎలుక శత్రువు, మూలం ఒకటి. సేమియాను ఇటలీవాళ్లు "వెర్మిచెల్లి" అంటారు, చిన్న పురుగులు అని. (తినేటప్పుడు గుర్తు చేసుకోకండి.)

"పెస్ట్" దారి వేరు. లాటిన్ "పెస్తిస్" అంటే మహమ్మారి రోగం. అంటే ఇంగ్లీషులో ఒక మాట పురుగు నుంచి, ఇంకోటి రోగం నుంచి బయల్దేరి, రెండూ నష్టం చేసే ప్రాణి దగ్గరకు చేరాయి. మీ ఒడియా శీర్షికలో ఉన్న జంట కూడా అదే: రోగం, పోక.

మన మాటలకు వస్తే:

పురుగు. అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో "పుళు", కన్నడంలో "హుళు". పాత తెలుగులో "పురువు" అనీ ఉంది. ఇది తిట్టు కాదు, ప్రాణి పేరు మాత్రమే. పట్టుపురుగు మనకు పట్టు ఇస్తుంది, అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. అందుకే నష్టం చేసేదాన్ని ప్రత్యేకంగా చెప్పాలంటే "చీడపురుగు" అనవలసి వస్తుంది.

క్రిమి, కీటకం. రెండూ సంస్కృతం. క్రిమి అన్నా మొదట పురుగే. నేటి వాడుకలో కంటికి కనపడని సూక్ష్మజీవికి మారింది. "క్రిమిసంహారక మందు" అని రాస్తే కొందరికి ఆసుపత్రి గుర్తొస్తుంది, పొలం కాదు.

చీడ. పంటకు పట్టే పురుగుపోటు. మనుషులకు వాడితే అది నింద: సమాజానికి పట్టిన చీడ.

పీడ. సంస్కృతంలో బాధ, వేధింపు. "పీడ విరగడైంది" అన్నప్పుడు ఏ పురుగూ లేదు. చీడపీడలు అన్నది చెవికి ఇంపుగా జతపడ్డ జంట. పుస్తకాల్లో పురుగులు, రోగాలు రెండిటికీ కలిపి వాడుతున్నారు కాబట్టి తప్పనలేం. కానీ లోపలికి వెళితే "పీడ" అనే మాట మీద ఏ మందూ పనిచేయదు.

తెగులు. వ్యాధి. ఒకప్పుడు మనిషికీ, గొడ్డుకీ, చెట్టుకీ అందరికీ వాడేవారు. "ఏం తెగులు నీకు?" అన్న విసుగులో ఆ పాత అర్థం ఇంకా మిగిలి ఉంది. మీ పెద్దవాళ్ల వాడుక తప్పు కాదు, పాతది. వ్యవసాయ శాఖ పుస్తకాలు మాత్రం దాన్ని కుదించి శిలీంధ్రం, బ్యాక్టీరియా, వైరస్ వల్ల వచ్చేవాటికే పరిమితం చేశాయి. బహువచనం "తెగుళ్లు".

---

గట్టుమీద_డైరీ (పాతపట్నం)

భాష సంగతి పైన బాగా చెప్పారు. పొలంలో ఈ మాటల తేడా ఎక్కడ దెబ్బకొడుతుందో నేను రాస్తాను. కరపత్రానికి అసలు పని అదే.

వరిలో "మాడిపోయింది" అని రైతు చెప్పే స్థితి కనీసం మూడు కారణాల వల్ల వస్తుంది. సుడిదోమ పురుగు. అగ్గితెగులు శిలీంధ్రం. ఎండాకు తెగులు బ్యాక్టీరియా. మూడిటికీ మూడు వేరే పనులు చేయాలి, దుకాణంలో మాత్రం మూడూ "పురుగుమందే".

సుడిదోమ: ఒడియాలో "చకడా పోక" అంటారు. పొలం మధ్యలో గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండుతుంది, పేరు అందుకే. దుబ్బును వంచి నీటికి కొంచెం పైన మొదలు చూడండి. గోధుమరంగు దోమలు కదులుతాయి. పిలక దశలో దుబ్బుకు 10–15 కనిపిస్తే మందు అవసరం. పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ (అంకె మందు శాతం, అక్షరాలు మందు రూపం, డబ్బా మీద ఉంటాయి) ఎకరాకు 120 గ్రా. లేదా డైనోటెఫ్యూరాన్ 20 ఎస్‌జీ 80 గ్రా., 200 లీటర్ల నీటిలో. ముందు నీరు తీసేయాలి. నాజిల్ దుబ్బు మొదలుకు తగలాలి. ఆకుల పైపైన కొట్టి "మందు కల్తీ" అనేవారే ఎక్కువ. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి వాడితే దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట తూర్పుపడమరలుగా వదిలితే సగం బెడద అక్కడే తగ్గుతుంది.

అగ్గితెగులు: ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, అంచు గోధుమరంగు, నడుమ బూడిద రంగు. రాత్రి చలి, ఉదయం మంచు, యూరియా ఎక్కువ పడిన మడి, ఇవి కలిస్తే వస్తుంది. ఐసోప్రోథయోలేన్ 40 ఈసీ లీటరుకు 1.5 మి.లీ. లేదా కాసుగామైసిన్ 3 ఎస్ఎల్ 2.5 మి.లీ. తెగులు తగ్గేదాకా యూరియా ఆపాలి. దీనిమీద దోమమందు కొడితే డబ్బు పోతుంది, పైగా మిత్రపురుగులు పోయి తర్వాత దోమ వస్తుంది. ఒక తప్పు మాట రెండు నష్టాలు తెచ్చేది ఇక్కడే.

ఎండాకు తెగులు: ఆకు కొన నుంచి అంచుల వెంట అలల్లా పసుపురంగు దిగి ఎండుతుంది. ఒడియాలో "పత్రపోడా" అంటే మాడిన ఆకు అనే. అనుమానముంటే ఆకును మచ్చ దగ్గర అడ్డంగా కోసి గాజుగ్లాసులో తేట నీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటి నుంచి పాలలాంటి తీగ నీటిలోకి జారితే బ్యాక్టీరియా. దీన్ని మాన్పే మందు లేదు. నత్రజని (యూరియా) ఆపడం, ఒక మడి నీరు ఇంకో మడిలోకి పోకుండా చూడడం, మడిని ఆరబెట్టడం. అంతే.

ఇక పేరులో పురుగో తెగులో తెలియనివి ఉన్నాయి. కరపత్రంలో వీటికి ఒక గడి పెట్టండి.

ఉల్లికోడు: పిలక ఉల్లికాడలా గొట్టమవుతుంది. చాలామంది తెగులనుకుంటారు. లోపల ఉండేది ఒక చిన్న ఈగ పిల్లపురుగు. గొట్టం కనపడ్డాక ఆ పిలక కంకి వేయదు.

తెల్లకంకి: ఇది రెండింటివల్లా వస్తుంది. కంకిని పట్టి పైకి లాగండి. సులువుగా ఊడివచ్చి, అడుగున కొరికిన గుర్తు ఉంటే కాండం తొలుచు పురుగు, ఒడియాలో "కాండబింధా పోక". ఊడిరాకుండా మెడ దగ్గర నల్లగా కుళ్లి విరిగితే మెడవిరుపు, అంటే అగ్గితెగులే. పురుగైనా తెగులైనా తెల్లకంకి కనపడ్డాక పిచికారీ వృథా. కాండం తొలుచు పురుగును ఆపవలసింది ముందే: నారు కొనలు తుంచి నాటాలి, గుడ్లు అక్కడే ఉంటాయి. చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం గానీ, మొవ్వు చచ్చిన పిలకలు 5 శాతం గానీ దాటితే క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 జీ గుళికలు ఎకరాకు 4 కిలోలు, మడిలో పల్చగా నీరుంచి.

ఖైరా: ఒడియాలోనూ "రోగ" అని చేర్చి పిలుస్తారు. కానీ ఇది పురుగూ కాదు, తెగులూ కాదు, జింకు లోపం. నాటిన 2–4 వారాల్లో ముదురాకుల మీద తుప్పు మచ్చలు, మొక్క గిడస. జింకు సల్ఫేటు లీటరుకు 2 గ్రా., 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు. ఏ పురుగుమందుతో కలపొద్దు.

చివరగా ఒకటి. "పురుగు" అని ఒక్క మాట రాసినా చాలదు. కొరికేది వేరు, రసం పీల్చేది వేరు. పైన చెప్పిన క్లోరాంట్రానిలిప్రోల్ కాండం తొలుచు పురుగుకూ, ఆకుముడతకూ బాగా పనిచేస్తుంది. సుడిదోమ మీద దాన్ని నమ్ముకుంటే పొలం పోతుంది.

---

పెన్‌గంగ_ఇవతల (కిన్వట్, నాందేడ్ జిల్లా)

మాదీ ఇదే గోల, మహారాష్ట్ర వైపు. ఇక్కడ తెలుగు రైతులు మరాఠీ కాగితాలు చదువుతారు. అందులో "కీడ వ రోగ" (పురుగు, రోగం) అని ఉంటుంది. సంస్కృత "కీట" ప్రాకృతంలో "కీడ" అయి మరాఠీలో నిలిచింది. మనవాళ్లు దాన్ని తెలుగు "కీడు"తో కలిపేసుకుంటారు. మేలు, కీడు అనే కీడు వేరు, కీటకంతో దానికి సంబంధం లేదు. అర్థం దాదాపు కుదిరిపోవడం వల్ల ఎవరికీ అనుమానం రాదు.

పత్తిలో మరాఠీవాళ్లు పురుగు దశను బట్టి మాట మారుస్తారు, అది మనం నేర్చుకోదగింది. గొంగళి దశ "అళీ". గులాబీ రంగు పురుగు "గులాబీ బోండఅళీ". దాని వల్ల విచ్చుకోకుండా ముడుచుకుపోయే పువ్వు "డోమకళీ", మనం గుడ్డిపువ్వు అంటాం. లెక్క మాత్రం రెక్కల పురుగు దశలో పెట్టాలి: ఎకరాకు 2 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగపురుగులను పట్టేవి), బుట్టకు రాత్రికి 8 మగపురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడితే, లేదా పూలు కాయల్లో 10 శాతం దెబ్బతింటే మందు. కాయలోకి దూరాక అళీ మందుకు అందదు. "పురుగు" అని ఒకే మాట రాస్తే, బుట్టలో పడిన రెక్కల పురుగుకూ కాయలోని గొంగళికీ సంబంధం ఉందని చాలామందికి తోచదు. మీ వరి కరపత్రంలో కాండం తొలుచు పురుగు దగ్గర కూడా "పసుపు రంగు రెక్కల పురుగు, ఆడదాని రెక్క మీద నల్లచుక్క" అని ఒక ముక్క వేయండి.

---

మహేంద్రతనయ_గట్టు

చాలా ఉపయోగపడింది. రెండు సందేహాలు మిగిలాయి. "పోక" అన్న ఒడియా మాట అలాగే ఉంచొచ్చా? ఇంకా, ఎలుకలను ఏ శీర్షిక కింద పెట్టాలి? చీడల్లోనా, విడిగానా?

---

నిఘంటువు_మూల

"పోక" ఒక్కటీ ఉంచకండి బాబూ. తెలుగులో పోక అంటే వక్క. "పోకమందు" అని చదివి తాంబూలం అనుకున్నా అనుకుంటారు. ముందు తెలుగు పేరు, పక్కన ఒడియా పేరు పూర్తిగా "చకడా పోక", "పత్రమోడా పోక" (ఆకుముడత పురుగు) అని రాయండి. దుకాణంలో అడగడానికి అదే పనికొస్తుంది.

ఎలుకలు విడిగా పెట్టండి. ఎలుకను చీడ అనడం తెలుగు చెవికి అతకదు. సందర్భం వచ్చింది కాబట్టి: ఇంగ్లీషు "బ్యాండికూట్" మన పందికొక్కే. తెలుగు నుంచి వెళ్లిన మాట. తర్వాత ఆస్ట్రేలియాలో ఒక సంచిజంతువుకూ అదే పేరు పెట్టేశారు, దానికి పందికొక్కుతో చుట్టరికం లేకపోయినా.

---

చట్టం_సంగతి (శ్రీకాకుళం)

వెర్మిన్ మాటను తేలిగ్గా వాడకండి. అది చట్టంలో ఉన్న మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూలు వెర్మిన్ జాబితాగా ఉండేది. అందులో ఉన్నవి కాకి, పండ్లు తినే గబ్బిలాలు, చిట్టెలుకలు, ఎలుకలు. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. సెక్షన్ 62 మాత్రం ఉంది: ఏదైనా ప్రాంతంలో, చెప్పిన కాలానికి, ఒక జంతువును వెర్మిన్‌గా కేంద్ర ప్రభుత్వం ప్రకటించవచ్చు. 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందికి అలాంటి ప్రకటన వచ్చింది. అక్కడి ప్రకటన ఇక్కడ చెల్లదు. కాబట్టి మీ కరపత్రంలో "అడవిపంది వెర్మిన్" అనో, "చీడ జంతువు" అనో రాస్తే చంపొచ్చని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. "పంటకు హాని చేసే జంతువులు" అనండి. కంచెకు కరెంటు తీగ పెట్టొద్దని కూడా రాయండి. అది నేరం, మనుషుల ప్రాణాలూ పోతాయి.

దుకాణంలో అన్నిటినీ పురుగుమందు అనడానికీ చట్టం ఛాయ ఉంది. 1968 ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం నిర్వచనంలో శిలీంధ్రనాశినులు, కలుపుమందులు కూడా "ఇన్‌సెక్టిసైడ్" కిందికే వస్తాయి. లైసెన్సు కాగితం మీద అదే మాట ఉంటే నోటి మీదకు రాకుండా ఎలా ఉంటుంది?

డబ్బా మీది రంగు త్రికోణం గురించి ఒక వాక్యం చేర్చండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అతి విషం, ఆకుపచ్చ తక్కువ విషం. అది మనిషికి ఎంత ప్రమాదమో చెబుతుంది, పురుగు మీద ఎంత బాగా పనిచేస్తుందో కాదు. "ఎర్రది ఇవ్వండి, గట్టిది" అనే అలవాటు పోవాలి.

---

గట్టుమీద_డైరీ

ఎలుకల గడిలో వేయడానికి:

మొదటి రోజు సాయంత్రం గట్లమీది బొరియలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు తెరుచుకున్నవే బతికున్నవి, మందు వాటికే. బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి 20 గ్రా., నూకలు 960 గ్రా., వంటనూనె 20 గ్రా. కలిపితే కిలో ఎర. బొరియకు 10–15 గ్రా. పొట్లం కట్టి లోపలికి తోయండి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, ఎలుక కొన్ని రోజులకు చస్తుంది. మర్నాడే చావలేదని మళ్లీ మళ్లీ వేయకండి.

జింకు ఫాస్ఫైడు అయితే పద్ధతి వేరు. ముందు విషం లేని ఎర (నూకలు 98 పాళ్లు, నూనె 2 పాళ్లు) బొరియకు 20 గ్రా. వేసి అలవాటు చేయాలి. తర్వాతే నూకలు 96, నూనె 2, మందు 2 పాళ్ల ఎర, బొరియకు 10 గ్రా. అలవాటు చేయకపోతే ఒకటి రుచి చూసి జబ్బు పడి, మళ్లీ ఆ ఎర ముట్టదు. దీనికి విరుగుడు మందు లేదు. ఒట్టి చేతులతో కలపొద్దు, తడి తగలనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. బ్రోమాడయోలోన్‌కు విరుగుడు విటమిన్ కె1, ఆసుపత్రికి డబ్బా తీసుకెళ్లమని రాయండి.

పని ఊరంతా ఒకే వారంలో చేయాలి, వరి పొట్టకు రాకముందే. ఒక్క రైతు వేస్తే పక్క గట్టు ఎలుకలు వచ్చి ఖాళీ బొరియల్లో చేరతాయి.

శీర్షికకు నా ఓటు: "వరిలో పురుగులు, తెగుళ్లు, లోపాలు, ఎలుకలు". చీడపీడలు అని పైన పెద్దక్షరాల్లో వేసుకోండి, అందంగా ఉంటుంది. లోపలి గడుల్లో మాత్రం వద్దు.

---

మహేంద్రతనయ_గట్టు

సరే మాస్టారూ. నాలుగు గడులు చేస్తున్నాం. ప్రతి పేరు పక్కన ఒడియా పేరు, దాని కింద "ఎక్కడ చూడాలి" అని ఒక వరుస (దుబ్బు మొదలా, ఆకా, మెడా), తర్వాతే మందు. ఉల్లికోడు, తెల్లకంకి, ఖైరా మూడింటికీ "పేరు చూసి మందు కొనొద్దు" అని ఎర్ర సిరాతో వేస్తాం.

---

పెన్‌గంగ_ఇవతల

ఎర్ర సిరా వద్దన్నా, నల్లదే వేయండి. త్రికోణం గురించి చదివినవాళ్లు ఎరుపు చూసి అతి విషం అనుకుంటారు.